మీసాలు అరిగిన జెల్లలు

1. సోమవారం, మొదటి షిఫ్టు

ఇళ్ళ నీళ్ళు తేటపడి మళ్ళీ ఇళ్ళకు పోయే ఈ హౌజుకు కాపలా ఉన్నవాళ్ళు షిఫ్టుకొక మాటైనా రాసిపెట్టాలని పై కమిటీ నియమం. ఇన్నేళ్ళుగా నేను రాస్తున్నది ఒకటే ముక్క: నీళ్ళు బాగున్నాయి, చేపలు బాగున్నాయి. ఈరోజు ఆ ముక్క రాయడానికి చేయి రావడం లేదు. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. చదివేవాళ్ళు ఓపిక పట్టాలి, నాకు ఎలాగూ లేదు.

పొద్దున హౌజు అంచున చెక్కబాట మీద నడుస్తూ వల వేసి ఒక జెల్లను పట్టాను. ముల్లు గుచ్చుకోకుండా తడిగుడ్డలో చుట్టి దీపం కిందికి తెచ్చి చూస్తే దానికి మీసాలు లేవు. జెల్లకు మీసాలంటే మనకు కళ్ళూ వేళ్ళూ కలిపినంత. అడుగున తడుముకుంటూ, మన ఇళ్ళ కాలువల్లోంచి వచ్చిన మెతుకూ తుక్కూ వెతుక్కుని తినేది వాటితోనే. దీనికి మీసాలుండాల్సిన చోట మొండి ముక్కలు మిగిలాయి, మూతి కింద పుండు పడింది. ఇంకొకటి పట్టాను, అదీ అంతే. మరొకటి పట్టి చూసి వల అవతల పడేశాను.

కారణం కోసం ఎక్కడికీ పోనక్కరలేదు, హౌజు అడుగున పరిచిన రాళ్ళే. పాతవి నున్నటివి, గోదావరిలో నీళ్ళున్న కాలంలో దొర్లి దొర్లి గుండ్రబడినవి. ఈమధ్య పైనుంచి వస్తున్నవన్నీ ఎండకు పగిలిన రాతిచెక్కలు. అంచులు బ్లేడులా ఉంటాయి. రోజంతా మూతి వాటికి రాసుకుంటూ తిరిగే చేపకు మీసం ఎక్కడ మిగులుతుంది? పైగా మెతుకులు రాళ్ళ సందుల్లో పడి కుళ్ళుతున్నాయి, అందుకే ఆ పుండ్లు. రాళ్ళు తీసేసి మెత్తటి ఇసుక పోయాలి. మాటలో చెప్తే అంతే పని.

కానీ ఆ రాళ్ళు మా చనిపోయినవాళ్ళు. ఈ పాత బొగ్గుగనిలో మనిషి పోతే శవాన్ని లిఫ్టులో పైకి పంపుతాం. మోసుకెళ్ళినవాళ్ళు ఎండసూటు వేసుకుని ఎండిన గోదావరి దాకా నడిచి, అక్కడ దించి, తిరిగి వచ్చేటప్పుడు ఒక్క రాయి తెస్తారు. ఇంటివాళ్ళు దాని మీద మేకుతో తమ ఇంటి గీత గీసి హౌజులో వదులుతారు. ఒకసారి వదిలిన రాయిని మళ్ళీ తీయడమన్నది మా మూడో లెవెల్లో ఎవరూ ఎరగరు.

నేను ఇలా తల పట్టుకుని ఉండగానే లసుమవ్వ వచ్చింది. రోజూ వస్తుంది. ఆవిడ కొడుకు రాజలింగు రాయి గోడ పక్కన ఉంటుంది. అక్కడ వంగి, నీళ్ళ మీద అరచేయి ఆనించి, "మంచిగున్నవా బిడ్డా" అంటుంది. తరువాత నడుము పట్టుకుని లేచి నావైపు తిరిగి ఏదో ఒక ఫిర్యాదు చెప్తుంది. ఈరోజు నీళ్ళు ముతక వాసన వస్తున్నాయట. ఆవిడ నాతో మాట్లాడిందంటే అది ఫిర్యాదే. నేను ఐదో బాయి అనే ఇంకో గని నుంచి చిన్నప్పుడు ఇక్కడికి వచ్చినదాన్ని. జుట్టు నెరిసింది, అయినా ఇంకా వచ్చినదాన్నే.

2. మంగళవారం, రెండో షిఫ్టు

మా లెవెల్ పెద్ద ఓదెలును హౌజు దగ్గరికి పిలిపించి ఒక జెల్లను చేతిలో పెట్టాను. మాటలతో చెప్తే ఆయన కమిటీకి రాద్దామంటాడు, కమిటీ పరిశీలిస్తామంటుంది, ఈలోగా చేపలు తేలుతాయి. చేతిలో పెడితే మనిషి చూడక తప్పదు.

"గివన్ని గిట్లనే ఉన్నయా?" అన్నాడు.

"నేను పట్టినయన్ని గిట్లనే ఉన్నయన్నా."

"మందేమన్న ఎయ్యరాదు?"

"మందు పుండుకు ఎయ్యొచ్చు. పుండు చేసేది రాయి గదా. రాళ్ళు తియ్యాలె, ఇసుక పొయ్యాలె."

ఆయన జెల్లను మెల్లగా నీళ్ళలో వదిలి చేయి పంచెకు తుడుచుకున్నాడు. చాలాసేపు నీళ్ళలోకే చూశాడు. నాకు అంతసేపు నిలబడడం రాదు, రెండుసార్లు హౌజు చుట్టి వచ్చాను.

"రాళ్ళు, రాళ్ళంటున్నవ్. అండ్ల మా ఇంటామె ఉన్నది సారక్కా."

"నాకెరుకే అన్నా. జెల్లలు పోతే నీళ్ళు పోతయ్. నీళ్ళు పోతే మనల్ని తలా ఓ లెవెల్‌కు పంచుతరు. అప్పుడు వదినె ఒక్కతే ఉంటది ఈడ."

ఈ మాట నేను బెదిరించడానికి అనలేదు. ఐదో బాయి హౌజు చచ్చిపోయినప్పుడు నేను పిల్లను. ఏ లెవెల్లో ఎన్ని పడకలు ఖాళీగా ఉంటే అంతమందిని అక్కడికి పంపేశారు. మా అమ్మకు ఒకటో లెవెల్ పడింది, నాకు మూడు. మధ్యలో ఉన్నది ఒక ఇనుప తలుపు, దానికొక పర్మిట్. అమ్మ పోయిన కబురు నాకు అందేసరికి ఆమె రాయి వాళ్ళ హౌజులో పడి ఎన్నాళ్ళో అయింది. ఆ రాయిని నేను ఇప్పటిదాకా చూడలేదు. ఇప్పుడు ఈ లెవెల్ పిల్లలకు, తల్లులకు మళ్ళీ ఆ పంపకం జరుగుతుందేమోనన్న ఆలోచన వస్తే నా కాలు ఒకచోట నిలవడం లేదు. నాకు భయంగా ఉంది, ఆ మాటే రాస్తున్నాను.

ఓదెలు చివరికి ఒప్పుకున్నాడు. రాళ్ళను పారేయడం లేదు, హౌజులోకి నీళ్ళు వచ్చే సిమెంటు కాలువలో పేరుస్తాం. జాలీ ఉంటుంది కాబట్టి చేపలు అక్కడికి పోలేవు. నీళ్ళు మాత్రం ముందు మనవాళ్ళ మీదుగా పారి తరువాత హౌజులో పడతాయి. ఈ ముక్క ఆయనకు నచ్చింది. ఒక షరతు పెట్టాడు.

"ఇన్నేండ్లకు బయటికొస్తున్నరు. సక్కగ కాలువల ఎయ్యొద్దు. ఎవ్వలింటి రాయి వాళ్ళింటికి పోవాలె. ఉంచుకున్నన్ని పూటలుంచుకొని వాళ్ళే తెచ్చి వాళ్ళ చేతుల్తోనే కాలువల పెట్టుకుంటరు. నువ్వు ముట్టొద్దు."

"సరే. తడి మాత్రం ఆరొద్దని అందరికి చెప్పు."

"చెప్త."

నా షరతుకు కారణం ఇక్కడ రాయాలి. చేప విసర్జించినది నీళ్ళలో విషమవుతుంది. రాళ్ళ మీద జిగురులా పట్టి ఉండే పొరలో కంటికి కనపడని పురుగులు ఆ విషాన్ని తిని విరిచేస్తాయి. మా నీళ్ళను కాపాడుతున్నది ఆ జిగురు. రాయి ఆరితే అది చస్తుంది. ఇదంతా ఓదెలుకు విప్పి చెప్పాలనుకున్నాను గానీ, ఆయన అప్పటికే మనసు మార్చుకునేలా చూస్తున్నాడు. తడి ఆరొద్దంటే చాలుననుకున్నాను.

3. శనివారం, మొదటి షిఫ్టు

ఇసుకకు లోటు లేదు. బొగ్గు తీసేసిన ఖాళీల్లో కప్పు కూలకుండా పాతకాలం వాళ్ళు గోదావరి ఇసుక కొట్టి నింపారు. ఆ నింపిన గదుల మూతుల దగ్గర రాలి పడిన ఇసుకను మాత్రమే ఎత్తుకొచ్చాను, లోపలిది ముట్టుకోలేదు. చూడడానికి ఇసుకే గానీ బకెట్టులో కలిపితే నీళ్ళు కాటుకలా అయ్యాయి, అంతా బొగ్గుపొడి. కడిగాను, ఒంపాను, మళ్ళీ కడిగాను. నీళ్ళు తేటపడేసరికి నా భుజాలు నావి కాకుండా పోయాయి.

అడుగును ఒకేసారి తవ్వితే జిగురంతా ఒకేసారి పోతుంది కాబట్టి నాలుగు భాగాలు చేశాను. మొదటి భాగం రాళ్ళు ఈరోజు తీశాం. ఇంటివాళ్ళు తలకు గుడ్డ కట్టుకుని, స్టీలు పళ్ళేలు పట్టుకుని వరుసగా నిలబడ్డారు. నేను రాయి తీసి గీత పైకి వచ్చేలా చూపిస్తే, "మాదే" అని ఎవరో ఒకరు ముందుకొచ్చి పళ్ళెం పట్టారు. ఎవరూ పెద్దగా ఏడవలేదు. ఒకాయన మాత్రం తండ్రి రాయిని పట్టుకుని, ఇంత తేలికగా ఉన్నడేందని అడిగాడు.

గీత లేని రాళ్ళు కూడా వచ్చాయి. అవి ఐదో బాయి నుంచి నాతోపాటు వచ్చి, ఇక్కడ ఒంటరిగా పోయిన ముసలివాళ్ళవి. గీత గీయడానికి ఇల్లంటూ లేనివాళ్ళవి. వాటికి పళ్ళెం పట్టినవాళ్ళెవరూ లేరు. నాకు కూడా వాళ్ళు చుట్టాలు కారు, బాయివాళ్ళు, అంతే. కాలువలో ఇంటివాళ్ళే పెట్టాలన్నది షరతు కదా. అందుకని వాటిని ఒక చిల్లుబకెట్టులో వేసి, హౌజు పొంగినప్పుడు నీళ్ళు కారే గొట్టం కింద పెట్టాను. ఏం చేయాలో తరువాత చూద్దాం.

గొట్టంలోంచి ఇసుకను నెమ్మదిగా అడుగుకు వదిలాను. మబ్బు తగ్గాక ఒక జెల్ల అటు వచ్చింది. మొండి మూతిని ఇసుకలో పెట్టి కొంచెం తవ్వి ఆగింది. మళ్ళీ తవ్వింది. తరువాత తోక ఆడించుకుంటూ ఆ భాగమంతా దున్నడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళలో ఏ జెల్లా అలా ఆడడం నేను చూడలేదు. సంతోషం పట్టలేక చెక్కబాట మీద ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

4. శుక్రవారం, రెండో షిఫ్టు

రెండో భాగం అయింది, మూడోది అయింది. ఇళ్ళకు వెళ్ళిన రాళ్ళు ఒక్కొక్కటే కాలువకు చేరుతున్నాయి. ఇంటివాళ్ళు వస్తారు, వంగి పెట్టుకుంటారు, దండం పెట్టి పోతారు. నేను మాట ఇచ్చాను కాబట్టి అటువైపు పోను. ఇసుక కడగడంతోనే నాకు సరిపోతోంది.

చుక్కమందు వేసి చూశాను. సీసాలో నీళ్ళు పసుపు రంగులో ఉంటే మంచివి, ఆకుపచ్చకు తిరిగితే విషం పెరుగుతున్నట్టు. ఈరోజు పసుపుకూ ఆకుపచ్చకూ మధ్యలో, ముదిరిన నిమ్మకాయలా ఉంది. ఇసుకలో ఇంకా బొగ్గుపొడి ఉన్నట్టుంది. ఇసుక అడుగున గాలి ఆడక గడ్డకట్టినా నీళ్ళు పాడవుతాయి. పొడుగు కర్రతో కెలికాను.

5. బుధవారం, మొదటి షిఫ్టు

నాలుగో భాగం కూడా తీసేశాం. ఇప్పుడు అడుగున ఒక్క రాయి లేదు. లసుమవ్వ కొడుకు రాయి చివరి విడతలో వెళ్ళింది. ఆవిడ పళ్ళెం పట్టుకున్న తీరు చూసి నేను తల తిప్పుకున్నాను.

చుక్కమందు ఆకుపచ్చ.

6. శుక్రవారం, మొదటి షిఫ్టు

ముదురు ఆకుపచ్చ. జెల్లలు అడుగు వదిలి పైకి వచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగుతున్నాయి. పొద్దున తేలినవాటిని బుట్టలోకి ఎత్తాను. లెక్క రాయను.

మేత ఆపేశాను. ఇళ్ళకు నీళ్ళు సగం చేశాను. ఇసుక కెలికాను, కెలికితే మబ్బు లేచింది, మబ్బు చూసి భయపడి మళ్ళీ కెలికాను. చేయి ఊరుకోదు. కాసేపు వదిలేస్తే తేటపడేదేమో, కానీ వదిలేయడమెలాగో నాకు ఎవరూ నేర్పలేదు. ఐదో బాయి హౌజు పోయినప్పుడు కూడా చేపలు ఇలాగే పైకి వచ్చాయి. అప్పుడు నేను అమ్మ కొంగు పట్టుకుని, అవి మనల్ని చూడడానికి వచ్చాయనుకున్నాను.

ఓదెలు వచ్చాడు. కూర్చోలేదు.

"నెలాఖరుకు మీదికెల్లి కమిటోళ్ళొచ్చి పరీక్షకు నీళ్ళు పట్కపోతరు. గప్పటిదాంక గిట్లనే ఉంటె లెవెల్ మూసేస్తరు సారక్కా. రాళ్ళు మళ్ళ అడుగున ఎయ్యి."

"రాళ్ళు కాలువలనే ఉన్నయి గదన్నా. ఆడున్నా ఈడున్నా నీళ్ళకు ఒకటే పని. అదే నాకు సమజైతలేదు."

"నాకైతే ఒకటే సమజైతున్నది. ముట్టొద్దన్నదాన్ని ముట్టినం."

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు, నా మీదే. ఆయన వెళ్ళాక కర్ర తీసుకుని మళ్ళీ ఇసుకలో దిగాను.

7. శనివారం, మొదటి షిఫ్టు

లసుమవ్వ మూడు రోజులుగా హౌజు దగ్గరికి రాలేదు. కొడుకు ఇంట్లోనే ఉన్నప్పుడు ఇక్కడేం పని? రాయి ఎప్పుడు తెస్తావని అడగడానికి వెళ్ళాను. నిజానికి హౌజు వైపు చూడకుండా ఉండడానికి ఏదో ఒక పని కావాలి.

ఆవిడ గది తలుపు తీసే ఉంది. ఎదురుగా అలమరాలో స్టీలు పళ్ళెం, పళ్ళెంలో రాజలింగు రాయి. ముందు గిన్నెలో ఇంత అన్నం. రాయి కొత్తగా కొన్న గిన్నెలా మెరుస్తోంది. నిండా పసుపు పూసి ఉంది.

"కడిగినవా అవ్వా?"

"కడగకుంట ఎట్లుంట? ఇన్నేండ్ల సంది బురదల పన్నడు నా కొడుకు. ఒళ్ళంత జిగట, చేపల కంపు. వేన్నీళ్ళు పోసి, ఉప్పేసి, రుద్ది రుద్ది కడిగిన. పసుపు పెట్టిన. నువ్వు చెప్పినట్టే తడి ఆరనిస్తలేను. పూట పూటకు వేన్నీళ్ళు పోస్తున్న."

రాయి మీదికి వంగి చూశాను, జిగురు జాడ లేదు.

"అందరు గిట్లనే కడిగిన్రా?"

"అందరు. ఓదెలైతె బ్రష్షు పెట్టి తోమిండు. వాళ్ళింటామెకు మురికంటె పడకపాయె."

ఇంటికి వచ్చిన పెద్దలను స్నానం చేయించకుండా ఎవరు పంపుతారు? నేనైతే పంపేదాన్నా? మా అమ్మ రాయి నా చేతికి వస్తే నేను కూడా గోరువెచ్చటి నీళ్ళు పోసేదాన్నే. వాళ్ళు నా మాట పొల్లుపోకుండా పాటించారు. తడి ఆరనివ్వలేదు. ఏళ్ళ తరబడి పేరుకున్న జిగురు ఒక్కో ఇంట్లో ఒక్కో పూట చచ్చిపోయింది, రాళ్ళు మాత్రం తళతళలాడుతూ కాలువకు వచ్చాయి. నేను ఇక్కడ ఇసుకను తిట్టుకుంటూ కెలుకుతూ కూర్చున్నాను.

"ఏందే, గట్ల మొఖం పెట్టినవ్?" అంది లసుమవ్వ.

అప్పుడు చెప్పాను, మొదటిరోజే ఓదెలుకు చెప్పాల్సింది. జిగురంటే ఏమిటో, అది ఏం చేస్తుందో, వేడినీళ్ళకూ ఉప్పుకూ దానికి ఏమవుతుందో. ఆవిడ అంతా విని, తన అరచేతుల వంక చూసుకుంది. పసుపు గోళ్ళ సందుల్లో కూడా ఉంది.

8. శనివారం, రెండో షిఫ్టు

రెండో లెవెల్ హౌజు కాపలాదారుకు ఫోను చేసి జిగురు పట్టిన రాళ్ళు రెండు మూడు బదులిమ్మన్నాను. మా పెద్దలను మీకెట్లిస్తమమ్మా అన్నాడు. తప్పు పట్టలేను. నన్ను అడిగినా అదే అనేదాన్ని.

ఫోను పెట్టేసి హౌజు చుట్టూ తిరుగుతున్నాను. ఎన్నోసారో, కాలు జారింది. పొంగుగొట్టం కింద తడిలో కాలు వేశాను. పడకుండా పట్టుకున్నది చిల్లుబకెట్టు అంచును. చేతికి జిగురంటుకుంది.

బకెట్టులోకి చూశాను. గీత లేని రాళ్ళు. ఎవరూ తీసుకెళ్ళలేదు, ఎవరూ కడగలేదు. హౌజు నీళ్ళు వాటి మీద పడి చిల్లుల్లోంచి కారిపోతూనే ఉన్నాయి. ఒక రాయి పైకి తీశాను. ముదురు గోధుమరంగు జిగురు, వేలు పెడితే జారిపోతోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మట్టివాసన వచ్చింది. నాకు ఒక్కసారిగా ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

వెంటనే అందరినీ కాలువ దగ్గరికి పిలిచాను. ఈసారి ఏదీ దాచుకోకుండా, తప్పు నాదని ముందు చెప్పి, మిగతాదంతా విప్పి చెప్పాను. ఈ రాళ్ళను కాలువలో మధ్యమధ్యన పెడతాం, మీ రాళ్ళు వీటికి ఆనుకుని ఉండాలి, అప్పుడు వీటి జిగురు వాటికి పాకుతుంది అన్నాను.

ఎవరూ కదల్లేదు. ఓదెలు గొంతు సవరించుకున్నాడు.

"గీత లేని రాళ్ళాయె సారక్కా. ఎవ్వలో ఏందో. మా ఇంటామెను వాళ్ళ మధ్యల ఎట్ల పెట్టాలె?"

అప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది.

"ఎవ్వలో ఏందో ఎట్లయితరు? గియ్యన ఎల్లయ్య తాత. మీ పంపు చెడిపోయినప్పుడల్లా బాగ చేసింది ఆయన కాదా? గిది మొండమ్మ. మీ పిల్లలకు బొమ్మలు కుట్టిచ్చింది. గిది సాంబవ్వ. నేను కొత్తగొచ్చి అమ్మా అమ్మా అని ఏడుస్తుంటె నా తల దువ్వింది."

ఒక్కొక్క రాయి చూపిస్తూ చెప్పాను. నిజానికి ఏది ఎవరిదో నాకు తెలియదు. పేర్లు మాత్రం అన్నీ తెలుసు.

లసుమవ్వ గుంపులోంచి ముందుకు వచ్చింది. పళ్ళెం చేతిలోనే ఉంది.

"సాంబవ్వ అంటె, కుడిచెయ్యి వంకర ఉండె, ఆమెనా?"

"ఆమెనే."

"నా కానుపు చేసింది గామెనే. మా రాజలింగును మొదలు ఎత్తుకున్నది గామెనే. నేను గూడ తర్వాతనే." ఆవిడ కాలువ అంచున మోకాళ్ళ మీద కూర్చుంది. "ఏదే, ఆమె రాయి ఇయ్యి."

నా చేతిలో ఉన్న రాయి ఇచ్చాను. ఆవిడ దాన్ని నీళ్ళలో పెట్టి, పసుపు కారుతున్న కొడుకు రాయిని కడిగి, దాని ఒడిలో పెట్టినట్టు ఆనించింది.

తరువాత ఓదెలు పంచె ఎగ్గట్టుకుని కాలువలోకి దిగాడు. తోమి తోమి తెల్లగా చేసిన భార్య రాయిని వెతికి పట్టుకుని, ఎక్కడ పెట్టాలని నన్ను అడిగాడు.

9. మంగళవారం, మొదటి షిఫ్టు

ఇప్పుడు నేను చేయాల్సిన పని ఏమీ చేయకుండా ఉండడం. ఇసుక కెలకకూడదు, కాలువలో చేయి పెట్టకూడదు, జిగురు పాకిందా లేదా అని గంటకోసారి రాయి తీసి చూడకూడదు. కర్రను నా దగ్గర ఉంచుకుంటే ఊరుకోలేనని ఓదెలుకు ఇచ్చేశాను. లెవెలంతా స్నానాలు తగ్గించింది. సగానికి పైగా జెల్లలు పోయాయి. మిగిలినవి పైనే ఉన్నాయి.

చుక్కమందు ఆకుపచ్చ. నిన్నటికంటే తక్కువా? దీపం తేడానా? సీసాను అటూ ఇటూ తిప్పి చూశాను. లసుమవ్వ వచ్చి పక్కన నిలబడి, "ఇంక ఆకుపచ్చగనే ఉన్నదిపో" అని పోయింది. ఫిర్యాదులు మళ్ళీ మొదలయ్యాయి, అదొక ధైర్యం.

10. ఆదివారం, రెండో షిఫ్టు

పొద్దున హౌజు పైన ఒక్క చేప కూడా కనపడలేదు. అన్నీ పోయాయనుకున్నాను. దీపం దించి చూస్తే, అన్నీ అడుగున ఉన్నాయి, ఇసుకలో మూతులు పెట్టి.

నిమ్మకాయ రంగు. మందు అయిపోతుందని తెలిసినా మళ్ళీ వేసి చూశాను. నిమ్మకాయ రంగే.

11. నెలాఖరు, మొదటి షిఫ్టు

కమిటీ మనుషులు వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకుని పోయారు. వాళ్ళకంటే ముందే నేను చూసుకున్నాను, పసుపు. వాళ్ళ మందుకూ పసుపే వచ్చిందని పైనుంచి ఫోను వచ్చింది. మమ్మల్ని ఎవరూ ఎక్కడికీ పంచడం లేదు.

ఒక జెల్లను పట్టి చూశాను. మూతి పుండు మానింది. మొండి ముక్కల చివర కొత్త మీసం మొలుస్తోంది, లేత తెలుపు, ఇంకా దారమంత కూడా లేదు.

వదిలేసి కాలువ దగ్గరికి వెళ్ళేసరికి లసుమవ్వ అక్కడే ఉంది. వంగి రాళ్ళలోకి వెతుకుతోంది. రాళ్ళన్నిటికీ జిగురు పట్టింది. గీతలు మూసుకుపోయాయి. గీత ఉన్నదేదో లేనిదేదో తేడా లేదు, ఏది ఎవరిదో చెప్పలేం.

"మావోడు ఏడున్నడే?"

"అన్ని ఒక్క తీర్గనే ఉన్నయవ్వా. గీకి చూస్తె తెలుస్తది."

"గీకుతె మళ్ళ మొదటికొస్తది గదా."

"వస్తది."

ఆవిడ నడుము పట్టుకుని లేచింది. తరువాత కాలువ ఈ చివర నుంచి ఆ చివర దాకా నీళ్ళ మీద అరచేయి ఆనించుకుంటూ నడిచింది. "మంచిగున్నరా బిడ్డా, అందరు మంచిగున్నరా" అంది. తిరిగి వస్తూ నా దగ్గర ఆగింది. ఫిర్యాదు కోసం సిద్ధంగా నిలబడ్డాను.

"పొద్దటి సంది తిరుగుతనే ఉన్నవ్. తిన్నవా?"

ఈ లెవెల్లో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు సాంబవ్వ తరువాత లేరు. లేదని తల ఊపాను. ఆవిడ కొంగులోంచి మూట తీసి, జొన్నరొట్టె సగానికి విరిచి నాకు ఇచ్చింది.

"చేతులు పసుపు లేవు గదా అవ్వా?" అన్నాను.

"లెవ్వు తియ్యి. కూసోని తిను బిడ్డా."

కూర్చున్నాను.